ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోకుండా కదలకు

స్టూడెంట్ లీడర్‌వి అయ్యావు కదా, మెడలో దండ వాడకముందే రూం తలుపు కొడతారు, "అన్నా, ఈ నెల మెస్ బిల్లు చూసినవా?" అని. నీ అసలు పని అప్పుడు మొదలవుతుంది. మైకు పట్టుకుని మాట్లాడటం గురించి నేనేమీ చెప్పను, అది వచ్చు కాబట్టే ఇక్కడిదాకా వచ్చావు. కాగితం గురించి చెబుతా, నేను మొదటి ఆరు నెలలు పాడుచేసుకున్నది అక్కడే.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ)లో అయితే యూనియన్ ఎన్నికలు జరుగుతాయి, నీ వెనక ఓట్లుంటాయి. ఉస్మానియా లాంటి రాష్ట్ర యూనివర్సిటీల్లో దశాబ్దాలుగా ఆ ఎన్నికలే లేవు, ఏదో ఒక సంఘం తరఫునో జేఏసీ తరఫునో లీడర్ అవుతావు, కాబట్టి "నిన్నెవరు ఎన్నుకున్నారు?" అని ఆఫీసులో ఎవరో ఒకరు అంటారు. దానికి జవాబు సంతకాలు. పేరు, హాల్‌టికెట్ నంబర్, రూం నంబర్ ఉండాలి, ఒకే పెన్నుతో ఒకే చేతిరాతలో ఇరవై సంతకాలు కనిపించాయంటే పరువు పోయినట్టే. ఎన్నికలున్న చోట పోటీ చేసేవాళ్లు విద్యార్థి ఎన్నికల మీద లింగ్డో కమిటీ పెట్టిన, 2006లో సుప్రీంకోర్టు ఒప్పుకున్న షరతులు చదువుకోవాలి. ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, అచ్చు పోస్టర్లు కుదరవు, హాజరు 75 శాతం ఉండాలి, ఫలితం వచ్చిన రెండు వారాల్లో లెక్కలు అప్పజెప్పాలి. జిరాక్స్ బిల్లులు కూడా దాచుకో.

ఇక మెస్. మాది డివైడింగ్ మెస్, నెల ఖర్చు మొత్తాన్ని తిన్నవాళ్ల మీద పంచుతారు. ఒక నెల తలకు నాలుగు వందలు పెరిగింది. కంచాలు పట్టుకుని గేటు దగ్గర కూర్చుందాం అన్నారు అందరూ, నాకూ ఊపొచ్చింది. ఒక సీనియర్ మాత్రం "స్టాక్ రిజిస్టర్ చూసినవారా?" అన్నాడు. చూడలేదు. మూడు రాత్రులు కూర్చుని తిరగేస్తే, బియ్యం, నూనె ధరలు దాదాపు పాతవే. పండక్కి ఊరెళ్లినవాళ్ల పేర్లు కొట్టేశారు గానీ వంట మాత్రం పాత లెక్కకే వండారు, మిగిలిన అన్నం డ్రమ్ముల్లో పోయింది, దాని డబ్బులు ఉన్నవాళ్ల మీద పడ్డాయి. అంటే "బిల్లు తగ్గించాలి" అని అరిస్తే లాభం లేదు, రేపు ఎంతమంది తింటారో రాత్రికల్లా వంటవాళ్లకు తెలిసే పద్ధతి పెట్టమని అడగాలి.

వినతిపత్రంలో ఒకే సమస్య రాయి. ఏం జరిగింది, ఏం అడుగుతున్నాం, ఎప్పటిలోగా, ఒక పేజీ చాలు. మెస్, వైఫై, బస్సు, ఫెలోషిప్ కలిపి పన్నెండు డిమాండ్లు ఒక్కదాంట్లో కుక్కావంటే ప్రతి సెక్షన్ వాళ్లూ అది పక్క సెక్షన్‌ది అంటారు. రెండు కాపీలు తీసుకెళ్లి, ఇన్‌వర్డ్‌లో, అంటే ఆఫీసుకొచ్చే కాగితాలు తీసుకుని నంబర్ వేసే సెక్షన్‌లో, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద స్టాంపు, తేదీ, నంబర్ వేయించుకో. "సార్‌కి నేనే ఇస్తాలే తమ్మీ, స్టాంపు దేనికి" అని ప్రేమగానే అంటారు. నేను రెండుసార్లు నమ్మాను. రెండు నెలలాగి అడిగితే "ఏ లెటరు?" అన్నారు.

లోపలికి ముగ్గురికి మించి వెళ్లొద్దు. ఒకరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి, మూడోవాళ్లు ఆ ఇబ్బంది పడుతున్న మనిషి. "ప్రాసెస్‌లో ఉంది" అంటే తలూపి రావద్దు, ఫైలు ఎవరి టేబుల్ మీద ఉంది, ఏ తారీఖుకి రమ్మంటారు అని అడుగు. బయటికి రాగానే చాయ్ కొట్టు దగ్గరే కూర్చుని అంతా రాసి గ్రూపులో పెట్టు, పని కాకపోతే కాలేదనే రాయి.

ఎవరి చేతిలో ఉన్న పని వాళ్లనే అడగాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు విడుదల చేసేది ప్రభుత్వం, దానికి వీసీ చాంబర్ ముందు బైఠాయిస్తే గొంతు పోవడమే, ప్రభుత్వ సంక్షేమ శాఖల ఆఫీసులున్న మాసబ్‌ట్యాంక్ సంక్షేమ భవన్‌కు వెళ్లాలి. ఆ బకాయి సాకుతో సర్టిఫికెట్లు ఆపితే మాత్రం ఆపినవాళ్లనే నిలదీయాలి.

మామూలు దారిలో కదలకపోతే యూజీసీ 2023 నిబంధనల కింద విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉంటుంది, వీలైనంతవరకు 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి, ఆ నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లోపు అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. సమాచార హక్కు దరఖాస్తు కూడా ఉంది, 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. "ఫలానా తేదీన ఫలానా ఇన్‌వర్డ్ నంబర్‌తో ఇచ్చిన వినతిపత్రం మీద ఏ చర్య తీసుకున్నారు?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. స్టాంపు కోసం నేనంత చంపుకుతినేది ఇందుకే.

నా వల్ల జరిగిన తప్పు ఒకటి చెప్పాలి. ఒక పీహెచ్‌డీ అక్క ఫెలోషిప్ కాగితాల మీద గైడ్ సంతకం పెట్టడం లేదని నాతో చెప్పుకుంటే, నేను మీటింగ్‌లో ఆవేశంగా ఆమె పేరు బయటపెట్టేశాను. సాయంత్రానికల్లా గైడ్‌కు తెలిసిపోయింది. ఆమె పడ్డ ఇబ్బంది తర్వాత రెట్టింపైంది, నాతో మాటలు మానేసింది. అడగకుండా ఎవరి పేరూ ఎత్తకు. లైంగిక వేధింపుల విషయమైతే నువ్వు పంచాయితీ పెట్టనే కూడదు. 2013 చట్టం కింద ఇంటర్నల్ కమిటీ ఉంటుంది, మామూలుగా మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలని ఆ అమ్మాయికి చెప్పు, రమ్మంటే గుమ్మం దాకా తోడు వెళ్లు, అంతే.

ధర్నా వద్దని అనను. స్టాంపు కాపీల ఫైలు చేతిలో పెట్టుకుని కూర్చుంటే పోలీసులొచ్చినా, విలేకర్లొచ్చినా చూపించడానికి నీ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది. మా మెస్‌కు అంతదాకా రాలేదు. వంటగది తలుపు పక్కన బోర్డు పెట్టారు, రేపు తిననివాళ్లు రాత్రి తొమ్మిదిలోపు పేరు కొట్టేసుకోవాలని. మరుసటి నెల బిల్లు రెండు వందలే తగ్గింది, పాత డబ్బు తిరిగి రాలేదు. ఆ మాటే గ్రూపులో పెట్టాను, తిట్లు కూడా బాగానే పడ్డాయి.