ముసురు పట్టకముందే: ఇంట్లో కుక్క, పిల్లి రెండూ ఉంటే జాగ్రత్తలు

మృగశిర కార్తె దాటితే మా హనుమకొండలో వానల లెక్క మొదలవుతుంది. ముసురు పట్టిందంటే వాకిట్లో పడుకునే కుక్క, గోడల మీద తిరిగే పిల్లి ఒకే గదిలో చేరతాయి. 2023 జులైలో కాలనీల్లోకి నీళ్లొచ్చినప్పుడు మా ఇంట్లోనూ అదే జరిగింది.

కుక్క ముందుకాళ్లు వంచి, తోక ఊపుతూ ఆటకు పిలిచింది. పిల్లి కూడా తోక ఆడిస్తోంది కదా, సరే అనుకున్నాను. దాని చెవులు వెనక్కి వాలిన సంగతి చూసుకోలేదు. మరుక్షణం కుక్క ముక్కు మీద మూడు గీతలు, నెత్తురు. కుక్క తోక ఊపితే చాలావరకు సంబరం. పిల్లి తోకను టపటపా కొడితే దగ్గరికి రావద్దని. వాటి భాష వాటికి తెలిసేదాకా మధ్యలో మనం ఉండాలి.

వానలకు ముందే పిల్లికి ఎత్తులో ఒక చోటు చూపించండి. బీరువా మీద పాత దుప్పటి వేసినా చాలు. దాని గిన్నె, ఇసుక తొట్టి కుక్కకు అందకూడదు. ఒకటి పడుకున్న గుడ్డను రెండోదాని దగ్గర వేస్తే వాసన అలవాటవుతుంది. మొదట్లో కుక్కకు గొలుసు ఉండాలి. ఇద్దరినీ వదిలేసి బజారుకు పోవద్దు.

అన్నిటికన్నా నాకు భయం గోమార్ల మందుతోనే. వానాకాలం కుక్కలకు గోమార్లు పడతాయి, మనం మెడ మీద మందు పోస్తాం. అందులో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటే పిల్లికి ప్రాణం మీదికి వస్తుంది. కుక్కకు దాన్ని అరిగించుకునే శక్తి ఉంది, పిల్లి కాలేయానికి లేదు. కుక్కను నాకినా, ఆనుకుని పడుకున్నా వణుకు, చొంగ, ఫిట్స్ రావచ్చు. ఇంట్లో పిల్లి ఉందని పశువుల డాక్టరుకు ముందే చెప్పి, వేరే మందు రాయించుకోండి. పొరపాటున అంటితే గిన్నెల సబ్బుతో, గోరువెచ్చని నీళ్లతో కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. జ్వరమని పారాసెటమాల్ కూడా వేయొద్దు, పిల్లికి అది విషం.

రెండిటికీ రేబిస్ టీకా వేయించాలి. అవి కొట్టుకుంటే విడదీసేటప్పుడు మధ్యలో చెయ్యి పెట్టకండి, దుప్పటి విసరండి. అయినా పన్ను గానీ గోరు గానీ దిగితే పసుపు, కారం పెట్టకుండా ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.