గంధరాజం మొక్క: పసుపు ఆకులు, రాలే మొగ్గలు, వాటి వెనక నీళ్ల గొడవ

గంధరాజం పెంచేవాళ్ల దగ్గర్నుంచి నాకు వచ్చే ప్రశ్నలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. ఒక ఫొటో, దాని కింద "ఏం మందు కొట్టమంటారు?" అని ఒక ముక్క. ఫొటోలో ఆకులుంటాయి గానీ కుండీ కనబడదు. నేనేమో కుండీ అంచు ఫొటో పెట్టమంటాను. అంచు చుట్టూ సున్నం పూసినట్టు తెల్లటి పొర ఉంటే సగం జవాబు దొరికినట్టే. హైదరాబాదులో మా మిద్దె మీద మూడు గంధరాజాలున్నాయి. వాటికి ఇన్నేళ్లలో వచ్చిన జబ్బుల్లో మందుతో తగ్గినవి తక్కువ, నీళ్లు మార్చాక తగ్గినవి ఎక్కువ.

మన ఇళ్లలో ఎంత పాతకాపైనా ఈ మొక్క పుట్టిల్లు మన నేల కాదు. చైనా, జపాన్, వియత్నాం వైపుది. కాఫీ, నూరువరహాలు దీనికి చుట్టాలే, అందరిదీ ఒకే కుటుంబం. ఆకులు చివికి కొంచెం పులుపెక్కిన మట్టి దీనికి ఇష్టం. లెక్కలో చెప్పాలంటే పీహెచ్ (పులుపును కొలిచే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5 నుంచి 6 వరకు, మహా అయితే ఆరున్నర. మన బోరు నీళ్లు చాలాచోట్ల ఏడున్నర దాటి ఉంటాయి.

"పువ్వులు బాగానే పూస్తున్నాయి, వాసన మాత్రం లేదు"

ముందు అది గంధరాజమో కాదో చూడండి. ఒక ఆకు తుంచండి. తెల్లగా పాలు కారితే అది ముద్ద నందివర్ధనం. గంధరాజానికి పాలు రావు. ఆకు ముదురుపచ్చగా, నూనె రాసి తుడిచినట్టు మెరుస్తూ ఉంటుంది. కణుపుకు రెండు, ఒక్కోసారి మూడు ఆకులుంటాయి. నర్సరీలో పూలు లేనప్పుడు కొంటే ఈ పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. నందివర్ధనాన్ని పారేయకండి, దేవుడికి రోజూ పూలిస్తుంది. గంధరాజం మాత్రం ఇంకోటి తెచ్చుకోవాలి, ఈసారి పువ్వున్న మొక్కను చూసి.

"ఆకులు పసుపు తిరుగుతున్నాయి"

వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇదే. పసుపు అంతా ఒకటి కాదు, ఏ ఆకు పసుపయిందో చూడాలి.

కొమ్మ అడుగున ముదురాకులు నాలుగైదు పసుపుపచ్చగా మారి రాలిపోతే, పైన చిగుళ్లు పచ్చగా ఉంటే కంగారు అక్కర్లేదు. చలికాలం పోయి కొత్త చిగురు వచ్చేటప్పుడు పాత ఆకులు కొన్ని రాలడం మామూలే. ముదురాకులు అంచుల నుంచి లోపలికి, ఈనెకూ ఈనెకూ మధ్య పసుపెక్కుతుంటే మెగ్నీషియం తక్కువైందని అనుమానించండి. లీటరు నీళ్లలో చెంచాడు ఎప్సమ్ సాల్ట్ కలిపి నెలకోసారి మొదట్లో పోస్తే చాలు. మొక్క మొత్తం వెలవెలబోయి, అడుగు ఆకులు ఈనెలతో సహా పాలిపోతే అది ఆకలి. గుప్పెడు బాగా చివికిన పశువుల ఎరువు వేయండి.

అసలు గండం కొత్త చిగుళ్లది. లేత ఆకు పసుపుగా, ఇంకా ముదిరితే దాదాపు తెల్లగా వస్తుంది. ఈనెలు మాత్రం పచ్చగీతలు గీసినట్టు నిలిచి ఉంటాయి. ఇది ఇనుము లోపం. మట్టిలో ఇనుము లేక కాదు, ఉన్న ఇనుము కరగక. పీహెచ్ పెరిగేకొద్దీ వేరు దాన్ని తీసుకోలేదు. ఎరువు ఎంత పోసినా లాభముండదు.

మా ఇంట్లో ఇది తెచ్చిపెట్టింది నేనే. తాగే నీళ్ల ఆర్వో ఫిల్టర్ పక్కగొట్టంలోంచి వృథాగా పోయే నీళ్లను బకెట్లో పట్టి, ఎంత పొదుపో అనుకుంటూ ఏడాది పాటు మొక్కలకు పోశాను. మందారం తట్టుకుంది, తులసి తట్టుకుంది, గంధరాజం తెల్లబోయింది. మన గ్లాసులోకి రాకుండా ఫిల్టర్ ఆపిన ఉప్పులన్నీ ఆ బకెట్లోనే ఉంటాయని అప్పటికి తట్టలేదు. వాటికి తోడు కోడిగుడ్డు పెంకుల పొడి ఒకటి వేసేదాన్ని. అది సున్నమే కదా! బూడిద కూడా ఇంతే. కొత్త సిమెంటు కుండీ, సున్నం వేసిన గోడ పక్క మట్టి కూడా ఈ మొక్కకు పడవు.

పరిష్కారం రెండు వైపుల నుంచి జరగాలి. వెంటనే కోలుకోవడానికి ఆకుల మీద అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్): లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు. వేరుశనగకు ఇనుము లోపం వచ్చినప్పుడు రైతులు కొట్టే మోతాదే ఇది. ముందు నిమ్మ ఉప్పు కరిగించి, తర్వాత అన్నభేది వేయండి. ద్రావణం లేత ఆకుపచ్చగా తేటగా ఉండాలి. తుప్పు రంగుకు తిరిగిందంటే పాడైపోయినట్టే, పారబోసి మళ్లీ కలపండి. మొదటిసారి ఒక కొమ్మకే కొట్టి రెండు రోజులు ఆగి చూడండి. ఆకు మాడకపోతే చల్లటి సాయంత్రం పూట వారానికోసారి, మూడు వారాలు. టైల్స్ మీద పడితే తుప్పు మరకలు పోవు, కింద పాత గోనె పరవండి. మట్టిలో వేయాలంటే అన్నభేది వృథా. దానికి బదులు చీలేటెడ్ ఇనుము, అంటే వేరుకు అందేలా కరిగే రూపంలో పట్టి ఉంచిన ఇనుము, కొనేటప్పుడు డబ్బా మీద ఈడీడీహెచ్‌ఏ అని ఉందేమో చూడండి. మామూలుగా దొరికే ఈడీటీఏ రకం ఆకుల మీదికి పనికొస్తుంది గానీ క్షారం ఎక్కువైన మట్టిలో నిలవదు.

రెండో వైపు, నీళ్లు. వాననీళ్లను మించినవి లేవు. ఎండాకాలంలో ఏసీ గొట్టం కింద బకెట్ పెట్టండి. అవి గాలిలోని తేమ చల్లబడి కారిన నీళ్లు, వాటిలో ఉప్పులు దాదాపు ఉండవు. మా పడగ్గది ఏసీ నీళ్లు మూడు కుండీలకు సరిపోతున్నాయి. అవి లేని రోజుల్లో పది లీటర్ల బోరు నీళ్లలో 2 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి, పీహెచ్ కాగితం ముంచి చూస్తాను. ఆరు దగ్గరికి రాకపోతే ఇంకో గ్రాము. కుండీలో పేరుకున్న ఉప్పు పోవాలంటే వానాకాలంలో ఒకసారి అడుగు తూటులోంచి ధారగా కారేదాకా వాననీళ్లు పోసి కడగాలి. పసుపయిన పాత ఆకులు అన్నీ మళ్లీ పచ్చబడతాయని ఎదురుచూడకండి, కొత్త చిగురు రంగు చూసి లెక్కేసుకోండి.

డాలస్‌లో ఉన్న మా చెల్లెలిది ఇదే కథ. అక్కడి నల్లమట్టిలోనే సున్నం ఉంటుంది. చెంచాడు మట్టి మీద వెనిగర్ పోస్తే బుసబుస పొంగిందట. అలాంటి నేలను మార్చాలని గంధకం చల్లుతూ కూర్చోవడం దండగ, కుండీలో పెంచుకోవే అని చెప్పాను.

"మొగ్గలు బోలెడు, విచ్చుకోకుండానే రాలిపోతున్నాయి"

గుండె తరుక్కుపోయే సమస్య ఇది. మొగ్గ పచ్చగా, మెలితిప్పినట్టు లావెక్కి, రేపో ఎల్లుండో విచ్చుకుంటుందనగా తొడిమ దగ్గర పసుపు తిరిగి రాలిపోతుంది.

ఎక్కువసార్లు కారణం మట్టి ఒకరోజు ఎండిపోయి మర్నాడు తడిసి ముద్దవడం. పెళ్లికని మూడు రోజులు ఊరెళ్లి వచ్చి, పాపం అని రెండు బకెట్లు పోస్తాం. అక్కడితో ఆ విడత మొగ్గలు అయిపోయినట్టే. మొగ్గ దశలో రోజూ పొద్దున వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూసి, తడి తగ్గితేనే నిండుగా పోయండి. మట్టి మీద ఎండుటాకులో కొబ్బరి పీచో రెండంగుళాల మందాన పరవండి.

రెండోది వేడి. మొగ్గ కట్టడానికి రాత్రిళ్లు 16–18 డిగ్రీల చల్లదనం నచ్చుతుంది. చలి పోయేటప్పుడు కట్టిన మొగ్గలు ఏప్రిల్ వడగాడ్పులో చిక్కుకుంటాయి. విశాఖ, కాకినాడ వైపు గాలిలో తేమ ఉంటుంది కాబట్టి కొంత నయం, హైదరాబాదు పొడిగాలిలో కష్టం. పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు తగిలి, మధ్యాహ్నం నుంచి గోడ నీడో, సగం ఎండను ఆపే పచ్చ వల (షేడ్ నెట్) నీడో ఉండే చోటు చూడండి. నాలుగు కుండీలు దగ్గర దగ్గరగా చేర్చండి. అంతేగానీ మొగ్గలున్న కుండీని అక్కడికీ ఇక్కడికీ జరపకండి. పండక్కి గుమ్మం ముందుకు తెచ్చి పెట్టి మొగ్గలన్నీ పోగొట్టుకున్నవాళ్లను నేనెరుగుదును.

ఇవేవీ కాకపోతే తెల్లకాగితం మీద మొగ్గను తట్టండి. జీలకర్ర ముక్కల్లా సన్నగా కదిలేవి పడితే తామర పురుగులు. వేపనూనె లీటరుకు 5 మి.లీ., కలవడానికి కాస్త కుంకుడు రసం, సాయంత్రం పూట వారం తేడాతో రెండుసార్లు.

"మట్టి తడిగానే ఉంది, మొక్క మాత్రం వాడిపోయింది"

ఇందులో రెండు కథలున్నాయి. కొత్తగా తెచ్చిన మొక్కయితే వేళ్ల చుట్టూ ఉన్న బంకమట్టి ముద్దను అనుమానించండి. నర్సరీ నుంచి వచ్చే మొక్కలు చాలావాటికి ఈ ముద్ద ఉంటుంది, దూరప్రయాణంలో వేళ్లను కాపాడేది అదే. ఇంటికొచ్చాక దాన్ని అలాగే కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కుండీలో దింపితే, పోసిన నీళ్లు చుట్టూ మెత్తటి మట్టిలోంచి జారిపోతాయి, లోపలి ముద్ద ఎండి ఇటుకవుతుంది. నేను ఒకసారి చచ్చిపోయిన మొక్కను పీకి ముద్ద పగలగొట్టి చూస్తే లోపల పొడి రాలింది, బయట చెయ్యి పెడితే తడి. అప్పట్నుంచి ముద్దను అరగంట నీళ్లలో నానబెట్టి, అంచుల మట్టిని వేళ్లతో మెల్లగా వదిలించి, వేళ్లు విడదీసి నాటుతున్నాను.

పాత మొక్కయితే వేరుకుళ్లు. కుండీలోంచి తీసి వాసన చూడండి. మురుగు వాసన వేసి, వేళ్లు నల్లగా మెత్తబడి ఉంటే అవన్నీ కత్తిరించి, పైన కొమ్మలూ మూడోవంతు తగ్గించి, కొత్త మట్టిలో పెట్టండి: ఎర్రమట్టి, ఆకుల ఎరువు, ఇసుక సమానంగా. కుళ్లును ఆపే మందు కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొదలు తడపండి. వేళ్లకు ఆవగింజల నుంచి శనగగింజంత బుడిపెలు కనిపిస్తే నులిపురుగులు. ఆ మట్టిని ఇంకే కుండీలోనూ వాడకండి.

"ఆకులు జిగటగా ఉన్నాయి, పైన మసి పట్టింది"

మసి తుడిస్తే పోతుంది, మళ్లీ వస్తుంది. ఆకు తిప్పి చూడండి. పిండినల్లో, తెల్లదోమో, పొలుసు పురుగో అక్కడ కూర్చుని రసం పీలుస్తుంటుంది. అవి కార్చే తీపి జిగురు మీద పెరిగేదే ఈ మసి. గొట్టంతో గట్టిగా నీళ్లు కొట్టి, పైన చెప్పిన వేపనూనె కొట్టండి. కాండం మీద చీమల బారు ఉంటే ముందు దాన్ని తెంచాలి, పిండినల్లికి కాపలా అవే.

"మొక్క ఏపుగా ఉంది, మొగ్గే లేదు"

యూరియా మానేయండి, ఎండ పెంచండి. కత్తిరింపు ఎప్పుడు చేశారో గుర్తు చేసుకోండి. పూత అయిపోయిన వెంటనే చేయాలి. దసరా తర్వాత, సంక్రాంతి ముందు కత్తెర పెడితే వచ్చే ఏడాది మొగ్గలు కొమ్మలతోపాటే పోతాయి.

"తెల్ల పువ్వు రెండు రోజులకే పసుపయింది"

జబ్బు కాదు. ఈ పువ్వు ముదిరే తీరే అంత, వాసన అప్పటికీ ఉంటుంది.

"రాత్రికి రాత్రి ఆకులు ఎవరో కత్తిరించినట్టు పోయాయి"

కింద నల్లటి పురుగు పెంటికలు రాలి ఉన్నాయేమో చూసి, సరిగ్గా వాటి పైకొమ్మ వెతకండి. తోక దగ్గర చిన్న కొమ్ముతో, ఆకు రంగులోనే కలిసిపోయిన లావాటి గొంగళి ఉంటుంది. చిన్న మొక్కయితే ఏరేయక తప్పదు. నా పెద్ద మొక్క మీదైతే ఒకటీ రెండూ వదిలేస్తాను. అది పెరిగి గాజురెక్కల చిమ్మట అవుతుంది. పట్టపగలే, తుమ్మెదలా గాలిలో ఒకేచోట నిలబడి, పూలలో తేనె తాగుతుంది.