షెడ్డు చల్లబడాలని గొయ్యి తవ్విస్తున్నారా? లోపలికి మాత్రం దిగకండి

పైపులైను గోతిలో మట్టిపెళ్లలు విరిగిపడి కూలీ మృతి అన్న వార్త మళ్లీ చదివాను. ఏటా వచ్చే వార్తే. ఈసారి మాత్రం నిజంగా భయం వేసింది. తోటల్లో, పొలాల్లో షెడ్లకు భూమిలోంచి చల్లగాలి తెచ్చుకునే పైపుల ఏర్పాటు చాలామంది సొంతంగా మొదలుపెడుతున్నారు. వానల్లోపు ముగించాలని తొందర ఒకటి.

పద్ధతి మంచిదే. మే నెలలో బయట 44 డిగ్రీలున్నా, మూడు మీటర్ల లోతున మన నేల సుమారు 27, 28 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఆ లోతున పూడ్చిన పైపుల్లోంచి బ్లోయరుతో గాలి లాగుతారు. పైపు సైజు, బ్లోయరు లెక్కలు ఎవరైనా చెప్తారు. మనుషుల్ని మింగేది ఆ మూడు మీటర్ల గొయ్యి.

ఘనపు మీటరు మట్టి ఒకటిన్నర టన్నుకు పైనే తూగుతుంది. ఛాతీ దాకా కప్పేస్తే, ఊపిరి వదిలినప్పుడల్లా మట్టి ఇంకాస్త బిగుస్తుంది. మళ్లీ పీల్చడానికి చోటుండదు. తల బయటే ఉన్నా ప్రాణం పోతుంది. నేను చూసినంతవరకు అందరిదీ ఒకటే తప్పు: "జాయింటు బిగించి వచ్చేస్తా, రెండు నిమిషాలే" అని దిగడం. దిగొద్దు. జాయింట్లన్నీ గట్టు మీదే అతికించి, ఆరాక తాళ్లతో దించండి.

నల్లరేగడి ఎండలో గోడలా నిలబడుతుంది, నమ్మకండి. నెర్రెల్లోకి నీళ్లు దిగితే పెళ్లలుగా ఊడిపోతుంది. పూడ్చిన కుంట, పాత బావి ఉన్నచోట అసలు తవ్వొద్దు.

ఒకటిన్నర మీటరు దాటి తవ్వితే పక్కలకు పలకలు, అడ్డకర్రలు బిగించాలి. లేదంటే మీటరు లోతుకు ఒకటిన్నర మీటరు చొప్పున రెండు వైపులా వాలుగా కోయించాలి. జేసీబీ గంటలు పెరుగుతాయి, పెట్టండి ఆ డబ్బు. చోటు లేకపోతే లోతు తగ్గించి పైపు పొడవు పెంచుకోండి. చల్లదనం కాస్త తగ్గినా నష్టం లేదు.

ఇక ఇవి గుర్తుంచుకోండి.

తవ్విన మట్టి అంచుకు ఒకటిన్నర మీటరు దూరంలో పోయించండి.
అంచు పక్కన జేసీబీ, ట్రాక్టరు ఆపొద్దు.
బోరు కేబులు ఎటు పోయిందో ముందే గుర్తుపెట్టండి.
పైపుకు వాలు ఉండాలి. వానాకాలం గాలిలోని తేమ లోపల నీరై నిలిస్తే బూజు పడుతుంది, ఆ గాలే మీరు పీలుస్తారు.
బ్లోయరు లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) తప్పనిసరి.
పాడుబడ్డ బావిలోకి పైపు దించే ఆలోచన మానేయండి. అడుగున ప్రాణవాయువు ఉండకపోవచ్చు.
ఒంటరిగా పని చేయొద్దు.
పిల్లల్ని రానివ్వొద్దు.
వాన చినుకు పడితే పని ఆపేయండి.
స్పానరు జారిపడిందా? పోనివ్వండి. దిగొద్దు.
ఎవరైనా మట్టిలో చిక్కుకుంటే వెనకే దూకొద్దు, జేసీబీ బకెట్‌తో తోడొద్దు. ఇంజను ఆపి 101కి, 108కి ఫోన్ చేయండి.
పైపు దించిన రోజే గొయ్యి పూడ్చేయండి. కుదరకపోతే రాత్రికి చుట్టూ కంచె కట్టి, మనిషిని కాపలా పెట్టండి.