పాత కేస్ షీట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించే ముందు

☐ నెల్లూరు వైపు ఏ క్లినిక్‌లోనైనా పెంచలయ్యలు, మస్తానయ్యలు చాలామంది ఉంటారు. ఫోన్ నంబరేమో ఇంటిల్లిపాదికీ ఒకటే. అందుకే వయసు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు కలిపి చూశాకే ఫైలు ఎవరిదో తేల్చండి. 14 అంకెల ఆభా నంబరు (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరు) ఉంటే రాసుకోండి, లేదని మాత్రం ఎవర్నీ వెనక్కి పంపొద్దు.

☐ ఒకరు టైప్ చేస్తే ఇంకొకరు కాగితంతో సరిచూడాలి. థైరాయిడ్ మాత్ర మోతాదు 12.5 మైక్రోగ్రాముల్లో చుక్క పోతే 125 అవుతుంది! అట్ట మీద ఎర్ర సిరాతో రాసిన ‘పెన్సిలిన్ పడదు’ స్కానింగ్‌లో తప్పిపోకూడదు. నాకు అన్నిటికన్నా భయం ఇదే.

☐ పేజీల ఫొటోలు వాట్సాప్‌లో పంపొద్దు.

☐ తుఫాను రోజుల్లో కరెంటు పోతుంది. యూపీఎస్, వేరేచోట ఇంకో కాపీ ఉండాలి.

☐ కాగితాలు అప్పుడే పారేయకండి. ఇన్‌పేషెంట్ రికార్డులు చికిత్స మొదలైననాటి నుంచి 3 ఏళ్లు ఉంచాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి.