విశాఖ చలికాలంలో రైలు ఫోటో తీసి సంక్రాంతి కార్డు చేసుకోవడం ఎలా

కొత్త సంవత్సరానికో సంక్రాంతికో సొంతంగా తీసిన రైలు ఫోటోతో కార్డు చేసి చుట్టాలకి పంపాలని ఉంటే, కెమెరా ముట్టుకునే ముందు ఒక కాగితం, పెన్సిలు తీసుకోండి. చాలామంది ముందు స్టేషన్‌కి వెళ్ళి దొరికిన బండినల్లా తీసేస్తారు, ఇంటికొచ్చి కార్డులో పెడితే అక్షరాలకి చోటుండదు, "శుభాకాంక్షలు" అనే మాట తిన్నగా ఇంజిన్ ముఖం మీద పడుతుంది. మంచి రైలు ఫోటో వేరు, కార్డుకి పనికొచ్చే రైలు ఫోటో వేరు. కార్డులో మాటలు ఎక్కడ రావాలి, రైలు ఎటునుంచి రావాలి, అడ్డమా నిలువా అన్నది ముందే గీసుకుంటే, బండి వచ్చేసరికి మీ పని ముప్పాతిక భాగం అయిపోయినట్టే.

సైజు ముందు తేల్చుకోండి. ఎక్కువమంది వాడేది 5×7 అంగుళాలు, మడత కార్డు కావాలంటే 10×7 కాగితాన్ని మధ్యకి మడుస్తారు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 5×7కి 2100×1500 పిక్సెళ్ళు చాలు, అంటే 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫోటో కూడా హాయిగా సరిపోతుంది, జూమ్ చేసి పాడుచెయ్యకుండా ఉంటే. ఇంకోటి, ఫోన్ ఫోటో మామూలుగా 4:3లో ఉంటుంది, కాబట్టి ఈ సైజుకి కత్తిరిస్తే పైనా కిందా కొంచెం పోతుంది; పెద్ద కెమెరా ఫోటో 3:2, దాంట్లో పక్కలు పోతాయి. అందుకే బండిని ఫ్రేము అంచులకి ఆనించి తియ్యొద్దు. పైన మూడో వంతు ఆకాశమో కొండో మంచో ఖాళీగా వదలండి, మాటలకి చోటు అదే.

ఇక వెలుగు. విశాఖలో రైలు ఫోటోలకి చలికాలం ఎందుకు మంచిదంటే, సూర్యుడు దక్షిణానికి జరిగి కిందుగా నడుస్తాడు. మే నెలలో మధ్యాహ్నం ఎండ దాదాపు నడినెత్తిన పడుతుంది, బండి పైకప్పు మెరుస్తుంది గానీ చక్రాలు, కింది భాగం అంతా నల్లటి నీడే. డిసెంబరు చివర్లో అయితే మధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 49 డిగ్రీల ఎత్తు దాటడు, వెలుగు ఏటవాలుగా వచ్చి చక్రాల దాకా తగులుతుంది. పొద్దున ఆరున్నర ప్రాంతంలో మొదలై సాయంత్రం ఐదున్నరకల్లా అయిపోతుంది కాబట్టి, పొద్దు పొడిచాక మొదటి గంటన్నర, కుంకే ముందు గంట, ఈ రెండూ బంగారం. ఆ టైములో వచ్చే బళ్ళేమిటో ముందు రోజే చూసి పెట్టుకోండి. వేర్ ఈజ్ మై ట్రైన్ యాప్‌లో బండి ఎక్కడుందో తెలుస్తుంది, గూడ్సు బళ్ళు మాత్రం అందులో రావు, వాటికి ఓపికే దారి.

ఊళ్ళోనే తియ్యాలంటే నేను మొదట చెప్పేది గోపాలపట్నంలో ఉన్న సింహాచలం స్టేషన్. విశాఖ నుంచి దువ్వాడ వైపు వెళ్ళే లైను అక్కడ ఇంచుమించు తూర్పు పడమరలుగా ఉంటుంది, సింహాచలం కొండలు దానికి ఉత్తరాన ఉంటాయి. చలికాలంలో సూర్యుడు దక్షిణాన ఉంటాడు కాబట్టి మీరు పట్టాలకి దక్షిణం వైపు నిలబడి ఉత్తరానికి తిరిగితే ఎండ మీ వీపు మీద, బండి మీద పూర్తి వెలుగు, వెనక కొండ. పొద్దునైనా సాయంత్రమైనా ఇదే లెక్క పనిచేస్తుంది. బండి పక్కకి సాగుతున్నట్టు అడ్డంగా తీసి, కొండ పైన ఉన్న ఆకాశాన్ని మాటలకి వదిలితే అచ్చంగా కార్డు కోసమే పుట్టిన ఫ్రేము అవుతుంది. విశాఖ అనగానే సముద్రం, రైలు రెండూ ఒకే ఫోటోలో రావాలని ఉంటుంది, అర్థం చేసుకోగలను, కానీ పెద్ద రైళ్ళు బీచ్ పక్కన తిరగవు. పిల్లల కోసం చేసే కార్డు అయితే కైలాసగిరి మీద తిరిగే చిన్న రైలు ఉంది, అక్కడ వెనక సముద్రం కూడా దొరుకుతుంది, ఎర్ర స్వెట్టర్ వేసిన పిల్లని కిటికీలో కూర్చోబెడితే ఇంక వేరే అలంకారం అక్కర్లేదు.

విశాఖ స్టేషన్‌లో ఒక సౌకర్యం ఉంది, అన్ని ఊళ్ళలో దొరకనిది. హౌరా చెన్నై దారిలో పోయే బళ్ళు ఈ స్టేషన్‌లోకి వస్తే వచ్చిన వైపే వెనక్కి తిరిగి బయల్దేరాలి, అందుకని ఇంజిన్ ఒక చివర్నించి ఇంకో చివరికి మారుతుంది, బండి కాసేపు ఆగుతుంది. కదలని బండి కాబట్టి తొందర లేకుండా తియ్యొచ్చు. ప్లాట్‌ఫాం టికెట్టు 10 రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది, తప్పకుండా కొనండి. పొద్దు కుంకిన పావుగంట తర్వాత ఆకాశం ముదురు నీలంగా ఉండి లైట్లన్నీ వెలుగుతాయి, కొత్త సంవత్సరం కార్డుకి అదే టైము. ట్రైపాడ్ పెడితే జనానికి అడ్డం, పోలీసులు కూడా అడుగుతారు, అందుకే కెమెరాని స్తంభానికో బెంచీకో ఆనించి, రెండు సెకన్ల టైమర్ పెట్టి తియ్యండి. ప్లాట్‌ఫాం అంచున ఉన్న పసుపు గీత దాటొద్దు. ఫ్లాష్ వద్దే వద్దు, లోకో పైలట్ కళ్ళలో పడుతుంది, పైగా ఫోటోకి దానివల్ల ఉపయోగం లేదు. సంక్రాంతి ముందు వారం మాత్రం ప్లాట్‌ఫాంలు కిటకిటలాడతాయి, ఊళ్ళకి పోయే జనం మధ్య కెమెరా పట్టుకుని నిలబడటం ఇద్దరికీ ఇబ్బంది, కాబట్టి స్టేషన్ ఫోటోలు డిసెంబరులోనే కానిచ్చుకోండి. ఆ వారంలో వెళ్తే మాత్రం జనాన్నే తియ్యండి, సంచులు, పిల్లలు, కిటికీలోంచి చేతులు, పండక్కి అంతకంటే ఏం కావాలి. ముఖాలు దగ్గరగా వస్తే అడిగి తియ్యాలి.

వందేభారత్ అడిగేవాళ్ళు చాలామంది. విశాఖ సికింద్రాబాద్ వందేభారత్ మొదలైంది సరిగ్గా సంక్రాంతి రోజే, 2023 జనవరి 15న, కాబట్టి ఈ పండగ కార్డు మీద దానికి హక్కుంది. తెల్ల పెట్టెల బండి అయితే ఎండలో తెలుపు కాలిపోతుంది, ఎక్స్‌పోజర్ (ఫోటోలోకి వచ్చే వెలుగు) అర స్టాప్ తగ్గించండి, ఒక స్టాప్ తగ్గిస్తే వెలుగు సగమవుతుంది, పెంచితే రెట్టింపు. ఎల్‌ఈడీ బోర్డులో ఊరి పేరు సగమే వస్తోందంటే షట్టర్ మరీ వేగంగా ఉన్నట్టు, బండి ఆగి ఉన్నప్పుడు సెకనులో 1/100వ వంతుకో 1/50వ వంతుకో దించితే అక్షరాలు నిండుగా వస్తాయి.

అసలైన చలికాలం కావాలంటే మాత్రం ఘాట్ ఎక్కాలి. కొత్తవలస కిరండూల్ లైను, అందరూ కేకే లైను అంటారు, ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దింపడానికి 1960ల్లో వేసింది. శృంగవరపుకోట దాటి, బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ మీదుగా అరకు చేరుతుంది. విశాఖ నుంచి అరకు దాకా 58 సొరంగాలు అని చెప్తారు, శిమిలిగూడ 996 మీటర్ల ఎత్తున ఉంది. ఊళ్ళో చలి పేరుకే ఉంటుంది, అరకులో మాత్రం రాత్రిళ్ళు పది డిగ్రీల కిందకి దిగుతుంది, పొద్దున లోయంతా మంచు కప్పేస్తుంది. ఆ మంచులోంచి హెడ్‌లైటు ముందు, ఆ తర్వాత ఇంజిన్ ఆకారం బయటికి రావడం, కార్డుకి అంతకంటే మంచి దృశ్యం ఈ జిల్లాల్లో నాకు తెలీదు.

ఈ లైనులో ఖనిజం నిండిన బళ్ళు కిందకి దిగుతాయి, ఖాళీవి పైకి ఎక్కుతాయి. రెండూ మెల్లగానే వెళ్తాయి, రెండు మూడు ఇంజిన్లు జత చేసి ఉంటాయి, వంపుల్లో బండి మొత్తం చుట్టుకుని కనిపిస్తుంది. ప్రయాణికుల బండి మీద మనసున్నవాళ్ళు కూడా ఒకసారి గూడ్సు బండి కోసం ఆగి చూడండి, ఖనిజం ధూళి పట్టిన ఎర్ర బళ్ళు ఆ పచ్చదనంలో అద్భుతంగా ఉంటాయి. ఇంకా పసుపు కావాలంటే వలిసె పూలు. అరకు చుట్టుపక్కల నవంబరులో పొలాలకి పొలాలు పసుపచ్చగా ఉంటాయి, డిసెంబరు గడిచే కొద్దీ కోతలైపోతాయి. అంటే సంక్రాంతి కార్డులో వలిసె పూలు కావాలంటే ఫోటో నవంబరులోనే తియ్యాలి, జనవరిలో వెళ్ళి పూలేవని అడిగితే లాభం లేదు. పొలంలోకి దిగేముందు రైతుని అడగండి, అది వాళ్ళ నూనె గింజల పంట, మన ఫోటో కోసం తొక్కేది కాదు.

బండిలోనే వెళ్తూ తియ్యాలనుకుంటే విస్టాడోమ్ పెట్టె (పెద్ద అద్దాల కిటికీలు, అద్దాల పైకప్పు ఉండేది) బాగుంటుంది గానీ అద్దంలో మీ చొక్కా, సీట్లు అన్నీ మెరుస్తాయి. ముదురు రంగు బట్టలు వేసుకోండి, లెన్సుని అద్దానికి దాదాపు ఆనించి చుట్టూ నల్ల గుడ్డ కప్పండి. తలుపు దగ్గర వేలాడుతూ తియ్యడం మాత్రం దయచేసి వద్దు, సొరంగాల గోడలు పెట్టెకి బాగా దగ్గరగా ఉంటాయి, చెయ్యి బయట పెట్టే చోటు కాదది.

ఇదే సందర్భంలో జాగ్రత్తలు కూడా చెప్పేస్తాను, ఎందుకంటే ఒక కార్డు కోసం ఎవరికీ ఏమీ కాకూడదు. పట్టాల మీదా, సొరంగాల్లో, వంతెనల మీదా నిలబడి తియ్యొద్దు. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలో, వెయ్యి రూపాయల దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు, కానీ అసలు భయం అది కాదు, కరెంటు బళ్ళు వచ్చేటప్పుడు చప్పుడు తక్కువ, రెండు లైన్ల చోట ఒక బండి శబ్దంలో ఇంకోటి వినపడదు. పైన తీగల్లో 25,000 వోల్టులు ఉంటాయి, ముట్టుకోకపోయినా దగ్గరికెళ్తే చాలు లాగేస్తుంది, కాబట్టి ఓవర్‌బ్రిడ్జి మీద నుంచి సెల్ఫీ స్టిక్కు, గొడుగు కిందకి చాచకండి. లెవెల్ క్రాసింగ్ దగ్గర గేటు బయట, ప్లాట్‌ఫాం మీద, రోడ్డు మీద, పొలం గట్టు మీద, ఇలాంటి చోట్ల నుంచే కావలసినన్ని మంచి ఫోటోలు వస్తాయి. డ్రోన్ సంగతి, విశాఖ నేవీ ఊరు, ఆ ఆలోచనే మానుకోండి.

సెట్టింగులు పెద్ద బ్రహ్మవిద్య కాదు. షట్టర్ వేగం, వేగంగా వచ్చే బండికి 1/1000, ఘాట్‌లో మెల్లగా వచ్చేదానికి 1/320 చాలు. బండి వచ్చాక ఫోకస్ చెయ్యకుండా, ఇంజిన్ ఎక్కడికి రావాలనుకుంటున్నారో ఆ పట్టాల మీద ముందే ఫోకస్ చేసి ఉంచండి, ఫోన్‌లో అయితే అక్కడ వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే లాక్ అవుతుంది. తర్వాత బర్స్ట్, అంటే బటన్ నొక్కి పట్టుకుని వరసగా చాలా ఫోటోలు తీయడం. మంచులో కెమెరా మోసపోతుంది, తెల్లదనాన్ని చూసి బూడిద రంగు చేసేస్తుంది, ఎక్స్‌పోజర్ ముప్పావు నుంచి ఒక స్టాప్ పెంచాలి. ఫోన్‌తో పక్కనుంచి వేగంగా పోయే బండిని తీస్తే పెట్టెలు పక్కకి ఒరిగినట్టు వస్తాయి, అది ఫోన్ సెన్సర్ వరసలు వరసలుగా చదవడం వల్ల. బండి మీ వైపు వస్తున్నట్టు ఏటవాలుగా నిలబడితే ఆ బాధ తగ్గుతుంది. కదలిక చూపించాలంటే 1/30 పెట్టి బండితో పాటే కెమెరాని తిప్పండి, పది తీస్తే ఒకటి కుదురుతుంది, ఆ ఒక్కటే చాలు.

చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, రెండోది చొక్కా లోపలి జేబులో వెచ్చగా పెట్టుకోండి. అరకు చలిలోంచి వెచ్చటి గదిలోకి, ఏసీ కారులోంచి విశాఖ తేమలోకి వెళ్ళినప్పుడు లెన్సు మీద నీటి పొర పడుతుంది, మారే ముందే కెమెరాని జిప్ కవర్లో మూసేసి అరగంట అలాగే వదిలెయ్యండి, తుడవడం మొదలుపెడితే మరకలే.

చివరిగా ప్రింటు. తెలుగు అక్షరాలకి ఇంగ్లీషు కంటే నిలువు చోటు ఎక్కువ కావాలి, పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి, రెండు లైన్ల మధ్య దూరం ఉదారంగా ఇవ్వండి. సన్న ఫాంటు పట్టాలు, కంకర మీద కనిపించదు. మండలి, రామరాజ లాంటివి ఉచితంగా దొరుకుతాయి, కార్డుకి నిండుగా ఉంటాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి, అందుకే ప్రెస్సుకి ఇచ్చేటప్పుడు అక్షరాలని అవుట్‌లైన్ చేసిన (ఫాంటు అక్కర్లేకుండా బొమ్మలుగా మార్చిన) పీడీఎఫ్ ఇవ్వండి, కత్తిరింపుకి పోవడానికి ఫోటోని అంచుల చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా ఉంచండి. కాగితం మీద ఫోటో తెర మీద కన్నా నల్లగా వస్తుంది, మంచు ఫోటోలైతే మరీను, కొంచెం వెలుగు పెంచి, ముందు ఒక్క కాపీ తీయించి పగటి వెలుతురులో చూసుకున్నాకే మిగతావి కొట్టించండి. మ్యాట్ కాగితం అడగండి, మంచుకి అదే నప్పుతుంది, వెనక పెన్నుతో రాయడానికి కూడా వీలు. ఏ బండి, ఏ స్టేషన్, ఏ తారీఖు అని వెనక ఒక లైను రాయండి, రైళ్ళంటే ఇష్టమున్న మామయ్యలు ముందు చదివేది అదే. వాట్సాప్‌లో పంపేవాళ్ళకి ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపితే నాణ్యత పోకుండా వెళ్తుంది.