ముందు చక్రం ఇరుసు ఊడి రావడం లేదా? సరైన పానా లేనప్పుడు ఏం చేయాలి

పోయిన వానాకాలం శ్రీశైలం వెళ్తుంటే మన్ననూరు ఇంకా చాలా దూరం ఉండగానే నా బండి ముందు టైరు దిగిపోయింది. ట్యూబు వాల్వు మొదట్లో చిరిగింది. అక్కడ ప్యాచ్ నిలవదు, ట్యూబు మార్చాల్సిందే. అంటే చక్రం ఊడదీయాలి. పంక్చర్ షాపు పెద్దాయన దగ్గర పానాలకు లోటు లేదు. కానీ నా బండి ఇరుసుకు బయట నట్టు తల లేదు, లోపల 19 మిల్లీమీటర్ల ఆరు పలకల గుంట ఉంది. అంత పెద్ద అలెన్ కీ ఆ ఊళ్లో ఎవరి దగ్గరా దొరకలేదు. రాత్రి 9 అయితే మన్ననూరు దగ్గర అడవి గేటు వేసేస్తారని నాకు టెన్షన్. ఆ సాయంత్రం పెద్దాయన దగ్గర నేర్చుకున్నవీ, ఆ తర్వాత ఇంట్లో నా చేతులతో చేసి చూసుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను.

సమస్య: గుంట పెద్దది, దానికి పట్టే కీ లేదు

కారణం: చాలా స్పోర్ట్స్, అడ్వెంచర్ బైకులకు బోలు ఇరుసు ఉంటుంది. దాని గుంట 17, 19, 22, 24 ఇలా బండిని బట్టి మారుతుంది. మామూలు అలెన్ కీల సెట్టు 10 దగ్గరే ఆగిపోతుంది.

పరిష్కారం: గుంటలో సరిగ్గా కూర్చునే తల ఉన్న బోల్టు వెతకండి. బోల్టు తలే మనకు కీ అవుతుంది. ఎం పక్కనున్న అంకె బోల్టు కాడ లావు, మిల్లీమీటర్లలో. ఎం16 బోల్టు తల పలక నుంచి పలకకు 24 ఉంటుంది. ఎం12 తల పాత డిన్ (జర్మన్ ప్రమాణం) కొలతలో 19, ఇప్పటి ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణం) కొలతలో 18. ఎం10కి 17 లేదా 16, ఎం14కి 22 లేదా 21. అందుకే షాపులో "ఎం12 ఇవ్వండి" అంటే చాలదు, వెర్నియర్‌తో (సన్నటి కొలతలు తీసే పనిముట్టు) తల కొలిచి తీసుకోవాలి. ఒక్క మిల్లీమీటరు వదులుగా ఉన్నా గుంట మూలలు అరిగిపోతాయి. అరిగిన ఇరుసును మార్చడం తప్ప దారి ఉండదు. తల మీద 8.8 అని (బోల్టు బలం చెప్పే గుర్తు) ఉన్న బోల్టే తీసుకోండి, మెత్తటి బోల్టు మెలి తిరుగుతుంది.

ఆ బోల్టు కాడకు రెండు నట్లు ఎక్కించి, రెండు పానాలతో ఒకదానికొకటి ఎదురుగా గట్టిగా బిగించాలి. మెకానిక్కులు దీన్ని డబుల్ నట్ అంటారు. తలను గుంటలోకి పూర్తిగా దించి, నట్టుకు రింగు పానా వేసి తిప్పాలి. ఎం12 తల మందం ఏడున్నర మిల్లీమీటర్లే కాబట్టి, తిప్పేటప్పుడు రెండో చేత్తో బోల్టును లోపలికి నొక్కి పట్టండి.

ఇంతకన్నా మంచిది కప్లింగ్ నట్టు. రెండు రాడ్లను కలిపే పొడుగు నట్టు అది. ఎం12 అయితే 36 మిల్లీమీటర్ల పొడవు. సగం ఇరుసులో, సగం బయట పెట్టి సాకెట్ వేసేయొచ్చు. పలకలు లోతుగా పడతాయి, జారదు.

సమస్య: ఇరుసు కదలకుండా నట్లే తిరిగి వచ్చేస్తున్నాయి

మాకు మొదట ఇదే జరిగింది. పక్కనున్న ట్రాక్టర్ రిపేరు షెడ్డులో 19 తల బోల్టు దొరికిందని సంబరపడి పానా వేస్తే, బయటి నట్టు ఊడి చేతికొచ్చింది.

కారణం: పానా తప్పు నట్టు మీద ఉంది. ఊడదీసేటప్పుడు, అంటే ఎడమకు తిప్పేటప్పుడు, బయటి నట్టును పట్టుకుంటే అది మర వెంట బయటికి పోతుంది. బోల్టు తల వైపున్న లోపలి నట్టును పట్టుకుంటే అది బయటి నట్టును నెడుతూ ఇంకా బిగుస్తుంది.

పరిష్కారం: ఊడదీయడానికి లోపలి నట్టు, బిగించడానికి బయటి నట్టు. ఈ ఒక్కటి తెలియక చాలామంది ఈ పద్ధతి పనిచేయదని వదిలేస్తారు. దగ్గర్లో వెల్డింగ్ షాపు ఉంటే ఒక నట్టును బోల్టుకే వెల్డింగ్ పెట్టించుకుంటే ఈ గొడవే ఉండదు.

సమస్య: కీ బాగానే పట్టింది, ఇరుసు మాత్రం కదలదు

కారణం: నూటికి తొంభై సార్లు పించ్ బోల్టు. ఫోర్కు (ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టే కాళ్లు) కింది కొసన ఇరుసును బిగించి పట్టే చిన్న బోల్టు ఇది. కొన్ని బండ్లకు రెండుంటాయి. బురద పట్టి కనబడదు.

పరిష్కారం: తుడిచి చూసి ముందు దాన్ని వదులు చేయండి, పూర్తిగా తీయనక్కర్లేదు. ఇరుసుకు మొదటి మలుపు చక్రం నేల మీద ఉండగానే ఇవ్వండి. బండిని జాకీ మీదకు ఎత్తాక బలంగా తోస్తే పక్కకు పడిపోతుంది. పానాకు పైపు తొడిగి పొడుగు చేసుకోవచ్చు గానీ, పించ్ బోల్టు వదులైందని తేలాకే.

సమస్య: నట్టుతో పాటు ఇరుసు కూడా తిరుగుతోంది

ఇరుసు చివర నట్టు ఉండే మామూలు కమ్యూటర్ బండ్లలో ఇది ఎక్కువ. అవతలి తలకు అడ్డంగా బెజ్జం ఉంటే అందులో లావుపాటి స్క్రూడ్రైవర్ దూర్చి పట్టుకోండి. బెజ్జం లేకపోతే తలకు రెండో పానా వేయండి.

సమస్య: మర అంతా వచ్చింది, ఇరుసు బయటికి జారదు

కారణం: బండి బరువు ఇంకా ఇరుసు మీదే ఉంది, లేదా తుప్పు.

పరిష్కారం: ఇంజిన్ కింద చెక్క పెట్టి, దాని కింద జాకీ పెట్టి కొంచెం కొంచెం ఎత్తండి. సైలెన్సర్ పైపు మీదా, ఆయిల్ ఫిల్టర్ మీదా జాకీ ఆనకూడదు. చక్రం నేలకు తగిలీ తగలనట్టు ఉన్నప్పుడు దాన్ని చేత్తో అటూ ఇటూ కదిపితే ఇరుసు వదులయ్యే చోటు తెలుస్తుంది. అక్కడ ఇరుసును తిప్పుతూ లాగండి. అప్పటికీ రాకపోతే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పావుగంట ఆగండి. డిస్కు మీదా, బ్రేక్ ప్యాడ్ల మీదా చుక్క కూడా పడకుండా గుడ్డ కప్పండి. ప్యాడ్లకు నూనె అంటితే బ్రేకు పట్టదు.

దయచేసి ఇనప సుత్తితో నేరుగా ఇరుసు కొస మీద కొట్టకండి. కొస పువ్వులా విచ్చుకుంటే అది ఫోర్కులోంచి ఇక రాదు. నట్టును కొస దాకా ఎక్కించి, చెక్క ముక్క అడ్డం పెట్టి మెల్లగా తట్టాలి. నట్టు తీసేశాక ఇరుసు కన్నా సన్నటి కర్రతో నెట్టాలి.

తిరిగి బిగించేటప్పుడు

చక్రం బయట ఉండగా ఎవరూ బ్రేక్ లివర్ నొక్కకూడదు, ప్యాడ్లు దగ్గరికొచ్చేస్తే డిస్కు దూరదు. ప్యాడ్ల మధ్య అట్టముక్క పెట్టుకోండి. ఏ బుష్ (ఇరుసు మీద చక్రం పక్కన ఉండే గొట్టం ముక్క) ఎటువైపుదో తీసేటప్పుడే ఫోనులో ఫోటో తీసుకోండి. ఇరుసుకు పలచగా గ్రీజు రాసి, చేత్తో మర పట్టించాకే పానా వేయండి. ఇరుసు బిగించి, జాకీ దించి, ముందు బ్రేకు పట్టి ఫోర్కును నాలుగైదు సార్లు కిందికి నొక్కాక పించ్ బోల్టు బిగించాలి. బయలుదేరే ముందు బ్రేక్ లివర్ గట్టిపడేదాకా నొక్కి చూసుకోండి.

దారిలో చేతి అంచనాతో బిగించింది తాత్కాలికం. మొదటి ఊళ్లోనే టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) ఉన్న మెకానిక్ చేత మాన్యువల్‌లోని లెక్క ప్రకారం బిగింపించండి. కప్లింగ్ నట్టు ఉంటే టార్క్ రెంచ్ దాని మీదే వేయొచ్చు. హైదరాబాద్ వచ్చాక నేను రాణిగంజ్‌లో 19 పలకల కొలత ఉన్న కప్లింగ్ నట్టు ఒకటి కొని, గుడ్డలో చుట్టి సీటు కింద పెట్టుకున్నాను. మీరు కొనేముందు మీ ఇరుసు గుంటను కొలిచి, ఆ అంకె కాగితం మీద రాసుకుని వెళ్లండి.