నేలపట్టుకు పోతే గూడబాతుల్ని ఎట్లా చూడాలి

నేలపట్టు పక్షుల అభయారణ్యం గేటు దగ్గర దిగిన ప్రతి కుటుంబమూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఫ్లెమింగోలు ఎక్కడ? వాటి కోసమైతే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డెక్కండి. లోతు లేని ఉప్పునీళ్లలో మేసే పక్షులవి, పులికాట్ సరస్సులోనే కనిపిస్తాయి. నేలపట్టు గూడబాతులది, అంటే పెలికాన్లది.

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి, చెన్నై వైపు హైవేలో దొరవారిసత్రం దగ్గర పక్కకు తిరగాలి. చీకటితోనే బయలుదేరండి. ఎండ ముదిరాక పోతే కళ్లు చికిలించుకోవడమే మిగులుతుంది.

ఇక్కడ అంతా వానల మీదే ఆధారం. ఈశాన్య రుతుపవనాలకు చెరువు నిండితే నీటి కడప చెట్లు సగం దాకా మునుగుతాయి. చుట్టూ నీళ్లుంటే పిల్లులూ నక్కలూ గూళ్ల దగ్గరికి రాలేవు, అందుకే పక్షులు ఆ చెట్లనే ఎంచుకుంటాయి. వానలు పడని ఏడాది పోవడం దండగ. నన్నడిగితే డిసెంబర్ చివర, జనవరి మంచిది. అప్పటికి గూళ్లలో పిల్లలుంటాయి.

దారిలో మా అక్క కొడుకులా ఈల వేసుకుంటూ నడవకండి. ముదురాకుపచ్చ, మట్టి రంగు బట్టలు వేసుకోండి, టోపీ తప్పనిసరి. టోపీ ఎండకే అనుకునేరు, చెట్ల కింద నడిచేటప్పుడు పైనుంచి పడేదానికి కూడా! అడుగేసే ముందు నేల చూసుకోండి, పొదల్లో పాములుంటాయి. వాసన గట్టిగానే ఉంటుంది. మా అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది గానీ, రెట్టలు కలిసిన ఈ చెరువు నీళ్లు పైరుకు ఎరువని విన్నాక తీసేసింది. ఊరివాళ్లు ఈ పక్షుల్ని కాపాడుకోవడానికి అదీ ఒక కారణం.

కట్ట మీదికి చేరాక అందరూ చేసేది ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగు. అట్లా పోతే తెల్లటి చుక్కలు తప్ప ఏమీ కనబడవు. సూర్యుడు మీ వీపు వెనకుండేలా నిలబడి, ఒక్క చెట్టును ఎంచుకోండి. బైనాక్యులర్ 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది) అయితే చాలు. అరగంట కదలకండి. తల్లి గూడబాతు మేత మేసి వచ్చి వాలగానే పిల్ల దాని గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చేస్తుంది. మొదటిసారి చూసినవాళ్లకు తల్లి పిల్లను మింగేస్తోందేమో అని టెన్షన్ పుడుతుంది. పెద్దవి గూటి దగ్గర దాదాపు మూగవి, గోలంతా పిల్లలదే.

అదే చెట్టు మీద ముక్కు మధ్యలో సందు కనబడితే అది నత్తగుల్ల కొంగ. రెక్కలు చాచి ఆరబెట్టుకునే నల్లది నీటికాకి. తెల్ల ఒళ్లు, నల్ల తల, కిందికి వంగిన ముక్కు ఉంటే తెల్ల కంకణం.

వాచ్‌టవర్ చివరికి పెట్టుకోండి, జనం అక్కడే గుమిగూడతారు. సొంత బండి లేకపోతే దిగిన ఆటోనే తిరిగి రమ్మని మాట్లాడుకోండి, మధ్యాహ్నానికి రోడ్డు మీద ఏదీ దొరకదు.